గుర్రం హిసాబ్: ఇల్మ్ ఎక్కడ ఆగుతుంది, జువా ఎక్కడ మొదలవుతుంది?



మొన్న ఇషా తర్వాత మా భాంజా పక్కన కూర్చుని ఫోన్ నా చేతిలో పెట్టాడు. తెర మీద ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్ మైదాన్. దీపాల వెలుగులో ఇసుక దారి, పది గుర్రాలు. ఒక్కో గుర్రం పేరు పక్కన అంకెలు, అక్షరాలు.

"మామూ, ఇది జువా కాదు. హిసాబ్. సుప్రీంకోర్టు కూడా హునర్ అనే చెప్పింది" అన్నాడు.

కోర్టు మాట అబద్ధం కాదు. మద్రాసు రేస్ క్లబ్బు కేసులో 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెంలో కిస్మత్ కంటే నైపుణ్యమే ఎక్కువని తీర్పు ఇచ్చింది. గుర్రం పుట్టుక, శిక్షణ, జాకీ పనితనం, వీటిని లెక్కగట్టే తెలివి, అన్నీ నైపుణ్యం కిందికే వస్తాయంది. కానీ భాంజా చూపిస్తున్నది డెర్బీ కాదు. అడుగు తరగతి గుర్రాలు, కృత్రిమ ఇసుక మీద, చలికాలపు రాత్రి పరుగెత్తే మామూలు పందెం. ఆ పందెంలో హునర్ ఎంత, కిస్మత్ ఎంత? దీనికి జవాబు తారీఖ్‌లో ఉంది. అది మొదలయ్యేది ఇంగ్లండ్‌లో కాదు, మదీనాలో.

సహీ బుఖారీ, సహీ ముస్లింలలో అబ్దుల్లా ఇబ్నె ఉమర్ (రజి) రివాయత్ ఒకటి ఉంది. రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) గుర్రాలకు పోటీ పెట్టారు. మేత కొలిచి పెట్టి, చెమట పట్టించి, ఒళ్ళు తేల్చి తయారుచేసిన గుర్రాలు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా దాకా పరుగెత్తాయి. అది ఐదారు మైళ్ళని రావీ చెప్పారు. అలా తయారుకాని గుర్రాలు సనియ్యతుల్ వదా నుంచి బనీ జురైఖ్ మస్జిద్ దాకా, అంటే ఒక మైలే పరుగెత్తాయి. పోటీలో ఇబ్నె ఉమర్ స్వయంగా పాల్గొన్నారు.

గమనించండి. తయారైన గుర్రాన్ని, తయారుకాని గుర్రాన్ని ఒకే గీత మీద నిలబెట్టలేదు. ఎవరి తాహత్‌కు తగిన దూరం వాళ్ళకు. పోటీలో ఇన్సాఫ్ అంటే ముందు తరగతులు విడదీయడం అన్న సంగతి అక్కడే కనిపిస్తుంది. అరబ్బులకు గెలిచిన గుర్రం ఒక్కటే లెక్క కాదు. మొదట వచ్చినదాన్ని ముజల్లీ అన్నారు. రెండోదాన్ని ముసల్లీ అన్నారు, దాని తల ముందు గుర్రం నడుము దగ్గర ఉంటుంది కాబట్టి. చివర వచ్చినదానికీ సుకైత్ అని పేరుంది. ఓడిన గుర్రాన్ని కూడా కళ్ళతో చూసి, గుర్తుపెట్టుకున్న ఖౌమ్ అది. ఈ ఇల్మ్‌ను ఫురూసియ్యా అన్నారు. ఇబ్నుల్ ఖయ్యిమ్ ఆ పేరుతోనే కితాబ్ రాశారు.

ఆ గుర్రాల రక్తమే ఇంగ్లండ్ చేరింది. 1704లో థామస్ డార్లీ అనే వర్తకుడు హలబ్ (అలెప్పో) నుంచి ఒక అరబ్బీ గుర్రాన్ని తన దేశానికి పంపాడు. బయర్లీ టర్క్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మరో రెండింటిని కలిపి చూస్తే, నేటి థరోబ్రెడ్ గుర్రాలన్నిటికీ తండ్రి వైపు మూలం ఈ మూడే. వాటిలోనూ అత్యధికం డార్లీ అరేబియన్ నస్ల్‌కు చెందినవి. వుల్వర్‌హాంప్టన్‌లో రాత్రి పూట పదో స్థానంలో వచ్చే గుర్రం షజరా తిరగేసినా దాదాపు ఖాయంగా హలబ్ తగులుతుంది.

ఇంగ్లీషువాళ్ళు ఇన్సాఫ్‌కు మరో దారి పట్టారు. దూరం మార్చలేదు, బరువు మార్చారు. మంచి గుర్రం మీద ఎక్కువ బరువు, బలహీనమైనదాని మీద తక్కువ. అదే హ్యాండిక్యాప్. 1791లో ఆస్కట్‌లో జరిగిన ఓట్‌లాండ్స్ పందెం ఈ పద్ధతిలో తొలి పెద్ద పందేల్లో ఒకటి. దానికి ఉస్తాద్‌గా నిలిచినవాడు అడ్మిరల్ రౌస్. నౌకాదళం నుంచి వచ్చి, 1855లో పబ్లిక్ హ్యాండిక్యాపర్ అయ్యాడు. ఏ వయసు గుర్రం ఏ నెలలో, ఎంత దూరానికి ఎంత బరువు మోయాలో పట్టిక తయారుచేశాడు. నేటి పట్టికలకు అదే పునాది.

ఆయన లెక్క ఎంత నిక్కచ్చిగా ఉండేదో చెప్పడానికి ఒక్క పందెం చాలు. 1851 మే నెలలో యార్క్‌లో ఫ్లయింగ్ డచ్‌మన్, వోల్టిజర్ అనే రెండు గుర్రాలు రెండు మైళ్ళు పోటీపడ్డాయి. మొదటిది ఐదేళ్ళది, రెండోది నాలుగేళ్ళది. పెద్దదాని మీద ఎనిమిదిన్నర పౌన్ల బరువు ఎక్కువ పెట్టమని రౌస్ నిర్ణయించాడు. అంటే నాలుగు కిలోలకు కాస్త తక్కువ. రెండు మైళ్ళు పరుగెత్తాక ఫ్లయింగ్ డచ్‌మన్ గెలిచింది దాదాపు ఒక్క గుర్రం పొడవుతోనే. అందాజా అంటే అది!

ఇక ఆ ఇసుక దారి సంగతి. బ్రిటన్‌లో 1961 మే నెల నుంచి వీధుల్లో బెట్టింగ్ దుకాణాలు చట్టబద్ధమయ్యాయి. అదే ఏడాది, పందేల మీద వచ్చే డబ్బులోంచి రేసింగ్‌కు వాటా వసూలుచేసే లెవీ బోర్డు ఏర్పడింది. 1962–63 చలికాలంలో నేల గడ్డకట్టి వారాల తరబడి పందేలు ఆగిపోయాయి. దుకాణం తెరిచే ఉంది, పందెమే లేదు. మంచు, వాన ఆపలేని దారి కావాలన్న ఆలోచన ఇలాంటి చలికాలాల్లోంచి బలపడింది. 1989 అక్టోబరు 30న లింగ్‌ఫీల్డ్‌లో తొలి ఆల్-వెదర్ పందేలు జరిగాయి. కొద్ది రోజులకే సౌత్‌వెల్ వచ్చింది. 1993లో వుల్వర్‌హాంప్టన్ దీపాలు పెట్టి రాత్రి పందేలు మొదలుపెట్టింది. 2006లో కెంప్టన్, ఆ తర్వాత చెమ్స్‌ఫర్డ్, 2016లో న్యూకాజిల్ చేరాయి. మొదట్లో ఈ దారుల మీద హర్డిల్స్ దూకే పందేలు కూడా పెట్టారు. గుర్రాలు ప్రాణాలు పోగొట్టుకోవడంతో 1994లో వాటిని ఆపేశారు.

అంటే ఈ మైదానాలు పుట్టింది మేలుజాతి గుర్రాల కోసం కాదు. దుకాణాల్లో రోజూ పందెం ఉండడం కోసం. గడ్డి మీద ఫ్లాట్ పందేలు మార్చి నుంచి నవంబరు దాకానే. చలికాలంలో ఇంటిపట్టున ఉండాల్సిన సాదాసీదా గుర్రాలకు ఇసుక దారి పని కల్పించింది. తర్వాత వీటికీ ఇజ్జత్ వచ్చింది. 2014 నుంచి గుడ్ ఫ్రైడే రోజు పెద్ద బహుమతులతో ఆల్-వెదర్ ఫైనల్స్ జరుగుతున్నాయి. అయినా రోజువారీ రొట్టె మాత్రం అడుగు తరగతి హ్యాండిక్యాప్‌లే.

ఇప్పుడు భాంజా చూపించిన కార్డు చదువుదాం. బ్రిటన్‌లో పందేలకు 1 నుంచి 7 దాకా క్లాసులు. ప్రతి హ్యాండిక్యాప్ గుర్రానికీ ఒక రేటింగ్. ఒక అంకె అంటే ఒక పౌను, దాదాపు 450 గ్రాములు. ప్రపంచాన్ని ఏలిన ఫ్రాంకెల్ రేటింగ్ 140. మన క్లాస్ 6 గుర్రాలు చాలావరకు 65 దాటవు. 60 రేటింగ్ ఉన్నది, 48 ఉన్నది ఒకే పందెంలో ఉంటే, మొదటిది 12 పౌన్లు ఎక్కువ మోయాలి.

తెలిసినవాడు ఏం చూస్తాడు?

మొదట నేల. గడ్డి మీద బాగా పరుగెత్తినది ఇసుక మీద తేలిపోవచ్చు. లింగ్‌ఫీల్డ్, కెంప్టన్, చెమ్స్‌ఫర్డ్‌లలో పాలీట్రాక్. వుల్వర్‌హాంప్టన్, న్యూకాజిల్, సౌత్‌వెల్‌లలో టపేటా. రెండూ ఇసుక, దారాలు, మైనం కలిపినవే, కానీ రెండింటి స్వభావం ఒకటి కాదు. ముందు గుర్రాల డెక్కల నుంచి ఎగిరే ఇసుక మొహం మీద పడితే కొన్ని గుర్రాలు సహించవు.

రెండోది మలుపు. వుల్వర్‌హాంప్టన్ చుట్టు చిన్నది, మలుపులు బిగువు. పొట్టి పందెంలో బయటి గేటు దొరికిన గుర్రం ఎక్కువ దూరం పరుగెత్తాలి. న్యూకాజిల్‌లో మైలు దాకా తిన్నని దారి ఉంది. కెంప్టన్ కుడివైపు తిరుగుతుంది, మిగతావి ఎడమవైపు.

మూడోది వేగం. ముందుండి పరుగెత్తే అలవాటున్నది ఒకటే ఉంటే దానికి దారి సుఖం. అలాంటివి నాలుగుంటే అవి ఒకదాన్నొకటి అలసగొట్టి, వెనకనున్నదానికి విందు పెడతాయి.

నాలుగోది రేటింగ్ చరిత్ర. 58 మీద గెలిచిన గుర్రం వరసగా ఓడి 50కి దిగిందనుకోండి. ముసలిదైపోయిందా, లేక ఇప్పుడు తేలిక బరువుతో గెలుస్తుందా? అసలు ప్రశ్న అదే. ఐదు ఫర్లాంగుల పందెంలో మూడు పౌన్లు దాదాపు ఒక గుర్రం పొడవుకు సమానమని వాడుక. దూరం పెరిగేకొద్దీ అదే బరువు ఇంకా ఎక్కువ పొడవుల తేడా తెస్తుంది. దీనికి తోడు జాకీ, ట్రైనర్, కొత్తగా కట్టిన కళ్ళగంతలు.

ఇదంతా ఇల్మే. కాదనను. ఫిల్ బుల్ 1948లో టైమ్‌ఫామ్ అనే సంస్థ పెట్టి, ఇలాంటి లెక్కల మీద జీవితమే గడిపాడు.

కానీ ఇక్కడే ఒక మడత ఉంది, భాంజా దాన్ని చూడలేదు. హ్యాండిక్యాపర్ కొలువే గుర్రాలన్నిటినీ బరాబర్ చేయడం. అన్నీ ఒకేసారి గీత దాటితే అతని పని సంపూర్ణం. నువ్వు కార్డులో చదివిన ప్రతి సంగతీ అతనికి ముందే తెలుసు, గుర్రం మీద బరువు రూపంలో పెట్టేశాడు. రేటింగ్‌లు ప్రతివారం మారతాయి. గుర్రం గెలిస్తే అంకె పెరుగుతుంది. అది మారకముందే మళ్ళీ పరుగెత్తితే అదనపు బరువు పడుతుంది. నీ హునర్‌ను ముందుగానే తూచి, చెల్లు వేసే మనిషిని జీతమిచ్చి పెట్టిన ఆట ఇది.

మరి ఏం మిగిలింది? అతను తూచలేనిది ఒక్కటే, నియ్యత్. క్లాస్ 6 గెలిస్తే యజమానికి దక్కేది కొన్ని వేల పౌండ్లు. గుర్రాన్ని ఏడాది పోషించడానికి అది చాలదు. అందుకే కొందరు గుర్రాన్ని దానికి సరిపడని దూరాల్లో పరుగెత్తించి, రేటింగ్ దిగాక సరైన పందెంలోకి దించుతారు. కావాలని గెలవనివ్వకపోతే శిక్షలున్నాయి, స్టీవార్డులు విచారిస్తారు. కానీ ట్రైనర్ మనసులో ఈరోజు గెలవాలని ఉందా, వచ్చే నెల గెలవాలని ఉందా అన్నది ఏ కార్డులోనూ అచ్చుకాదు. లాయంలో ఉన్నవాడికి తెలుస్తుంది. హైదరాబాద్‌లో మంచం మీద పడుకుని ఫోన్ చూసేవాడికి తెలియదు.

ఇక బుకీ హిసాబ్ చూడండి. పది గుర్రాలు, అన్నీ సరిసమానం అనుకుందాం. న్యాయమైన భావ్ ఒకటికి తొమ్మిది. అంటే వంద పెడితే అసలుతో కలిపి వెయ్యి రావాలి. బుకీ ఒకటికి ఏడు ఇస్తాడు. పది గుర్రాల మీదా వంద వంద పెట్టావు, వెయ్యి పోసావు. ఏది గెలిచినా చేతికొచ్చేది ఎనిమిది వందలు. ఇవి నేను వేసుకున్న అంకెలే, అసలు పందెంలో తేడా ఎక్కువ తక్కువలు కావచ్చు. కానీ దిశ మారదు. నువ్వు తోటి పందెంరాయుళ్ళ కంటే తెలివైనవాడివైతే సరిపోదు, ఆ కోతను దాటేంత తెలివైనవాడివి కావాలి.

మన ఫుఖహా ఈ గీతను ఎంత ముందుగా గీశారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. గుర్రాల పోటీ జాయిజ్. హాకిమ్ గానీ, బయటివాళ్ళు గానీ గెలిచినవాడికి ఇనామ్ ఇస్తే అదీ జాయిజ్. పోటీపడే ఇద్దరూ డబ్బు పెట్టి, గెలిచినవాడు ఊడ్చుకుపోయే షర్తు వచ్చేసరికి ఆగారు. ఏమీ పెట్టకుండా, నిజంగా గెలవగల మూడో గుర్రంతో పాల్గొనేవాడు (ముహల్లిల్) ఉండాలని చాలామంది అన్నారు. అది లేకపోతే ఖిమార్. ఆ చర్చంతా గుర్రమెక్కినవాళ్ళ గురించే. గుర్రం లేదు, లగాం లేదు, మైదాన్‌లో అడుగు లేదు, కేవలం డబ్బు పెట్టి కూర్చున్నవాడికి ఆ రుఖ్సత్‌లో చోటే లేదు. ఖుర్ఆన్ సూరా మాయిదాలో మైసిర్‌ను షరాబ్ పక్కన నిలబెట్టింది. దుష్మనీ పెంచుతుందని, నమాజ్ మరిపిస్తుందని చెప్పింది.

కోర్టు అడిగింది ఒక సవాల్: ఇందులో నైపుణ్యం ఉందా? దీన్ అడిగేది వేరే సవాల్: నీ లాభం ఎవరి నష్టంలోంచి వచ్చింది? మొదటిదానికి జవాబు 'ఉంది' అయినంత మాత్రాన రెండోదానికి జవాబు మారదు.

మన ఊరికి ఈ మాట కొత్త కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు వచ్చాయి. అక్కడా హ్యాండిక్యాప్ పద్ధతే. అప్పట్లో పందెం ఆడాలంటే మలక్‌పేట దాకా నడవాలి, నలుగురి కళ్ళలో పడాలి. ఇప్పుడు వుల్వర్‌హాంప్టన్ దిండు కిందకు వచ్చింది. అమ్మీకి తెలియదు, అబ్బాకు తెలియదు. అప్పు ఇచ్చినవాడు తలుపు కొట్టిన రోజే ఇంట్లో తెలుస్తుంది.

భాంజాకు ఇదంతా చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "మామూ, మరి గుర్రాల గురించి చదవొద్దా?"

"చదువు బేటా, బాగా చదువు. గేటు చూడు, బరువు చూడు, ఎవరు ముసల్లీనో, ఎవరు సుకైతో ముందే కాగితం మీద రాసుకో. పైసా పెట్టకుండా నెల రోజులు రాయి. నెలాఖరుకు పెట్టినట్టే లెక్కేసి, ఎంత మిగిలిందో నాకు చూపించు" అన్నాను.

నోట్‌బుక్ కొనుక్కున్నాడు. ఇప్పటికి పదకొండు రోజులు. నిన్న ఫజ్ర్ తర్వాత మస్జిద్ మెట్ల మీద తనే చెప్పాడు: "మామూ, ఫేవరెట్లు కూడా మూడింట రెండుసార్లు ఓడిపోతున్నాయి."

కాగితం మీద ఓడిపోయాడు, అల్‌హమ్దులిల్లాహ్.