మందుసీసాపై చీటీ: హిస్బా నుండి ఔషధ చట్టం వరకు

యునానీ మాజూన్ డబ్బాపైనా, అర్క్ సీసాపైనా అతికించివుండే చిన్న కాగితపు చీటీ పాశ్చాత్య నాగరికత మనపై మోపిన భారమని తలచేవారు హకీములలోనూ, వారి అభిమానులలోనూ కొందరున్నారు. ఈ అభిప్రాయం చరిత్రకు నిలవదు. మందు అమ్మేవాడు అందులో ఏముందో చెప్పితీరాలన్న నియమం ఇస్లామీయ నగరాల అంగళ్ళలో అచ్చుయంత్రానికి ఎన్నో శతాబ్దాల ముందే వెలసింది. ఆనాడు ఆ సాక్ష్యాన్ని మనిషి చెప్పేవాడు, ఈనాడు కాగితం చెబుతున్నది. మారినది అంతే.

అబ్బాసీ ఖలీఫాల కాలపు ఒక వృత్తాంతాన్ని వైద్యుల చరిత్రకారుడైన ఇబ్ను అబీ ఉసైబియా (మరణం క్రీ.శ. 1270) తన గ్రంథంలో నమోదు చేశాడు. బాబక్ తిరుగుబాటును అణచడానికి వెళ్ళిన సేనాని అఫ్షీన్ తన శిబిరంలోని మందుల వర్తకులను పరీక్షించదలచాడు. తన స్వదేశమైన ఉశ్రూసనాకు చెందిన ఒక దఫ్తరు తెప్పించి, అందులోనుండి ఇరవై వరకు పేర్లు ఏరించి, ఆ పేరుగల మందులు కావాలని వర్తకుల వద్దకు మనుషులను పంపాడు. అవి అసలు మందుల పేర్లే కావు. కొందరు తమకు తెలియవన్నారు. మరికొందరు తెలుసునని చెప్పి, సొమ్ము పుచ్చుకొని, కొట్టులో చేతికందినదేదో పొట్లం కట్టి ఇచ్చారు. తెలియదన్నవారికి శిబిరంలో ఉండేందుకు అనుమతిపత్రాలు లభించాయి. తెలుసునన్నవారు వెళ్ళగొట్టబడ్డారు. మందుల వ్యాపారంలో మొదటి అర్హత పాండిత్యం కాదు, సత్యం పలకడమేనని ఈ వృత్తాంతం తెలుపుతున్నది.

ఈ దృష్టికి మూలం హదీసులో ఉన్నది. మహనీయ ప్రవక్త (స) మదీనా అంగడిలో ఒక ధాన్యపు రాశిలో చేయిపెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన కురిసి తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. అలాగైతే తడిసిన గింజలను జనం చూచేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ ఉదంతంలోని సూక్ష్మం గమనార్హం. తడిసిన ధాన్యం అమ్మడమే నేరమని అక్కడ అనలేదు. తడిని దాచడం నేరమయింది. సరుకులోని లోపాన్ని కొనేవాడికి తెలియజేయాలనీ, దాచిన లోపం బయటపడితే బేరం రద్దుచేసుకొనే హక్కు కొనేవాడికి ఉంటుందనీ ధర్మశాస్త్రవేత్తలు నిర్ణయించారు. నేటి చీటీకి పునాది ఈ సూత్రమే.

సూత్రాన్ని అంగడిలో అమలుపరచే బాధ్యత హిస్బా శాఖది, దాని అధికారి ముహ్తసిబ్. సలాహుద్దీన్ అయ్యూబీ కాలంలో సిరియాలో జీవించిన షైజరీ, ముహ్తసిబ్‌ల కోసం రచించిన గ్రంథంలో పానకాలు కాచేవారికి, మందుల వర్తకులకు ప్రత్యేక ప్రకరణాలు కేటాయించాడు. నల్లమందులో ఏయే ఆకుల రసాలు, ఏయే జిగురులు కలుపుతారో, నీటిలో కరిగించి వాసన చూచి ఆ కల్తీని ఎలా పసిగట్టాలో వివరించాడు. వెదురుప్పులో కాల్చిన ఎముకల పొడి కలిపితే ఆ పొడి నీట మునుగుతుందనీ, అసలుది తేలుతుందనీ పరీక్ష చెప్పాడు. అయితే తనకు తెలిసిన మోసాలన్నీ వ్రాయలేదు. దుర్మార్గులు వాటిని చదివి నేర్చుకొంటారని జంకాడు. రోగి చూడలేనిదానిని అతని తరఫున చూచే కన్నుగా ప్రభుత్వం ఉండాలన్నది ఈ గ్రంథాల సారాంశం.

కల్తీ కన్నా సూక్ష్మమైన ప్రమాదం పేరులో ఉన్నది. ఒకే మూలికకు ఊరూరా వేరు పేరు, ఒకే పేరుకు దేశదేశాన వేరు మూలిక. క్రీ.శ. 11వ శతాబ్దంలో అల్ బీరూనీ తన వార్ధక్యంలో కితాబుస్సైదనా రచిస్తూ మూలికల పేర్లను అరబీ, గ్రీకు, సిరియాక్, ఫారసీ, హిందూ దేశపు భాషలలో పక్కపక్కన ఉంచడానికి కారణమిదే. ఇది భాషాపండితుని వినోదం కాదు. పేరు తప్పితే ప్రాణం పోవచ్చునని ఎరిగినవాని జాగ్రత్త.

ఆ జాగ్రత్త కాలం చెల్లినది కాదని మన తరంలోనే రుజువైంది. 1990 తరువాత బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చీనా మూలికల గుళికలు వాడిన స్త్రీలకు మూత్రపిండాలు పాడైనట్లు 1993లో వైద్యులు ప్రకటించారు. క్రమంగా బాధితుల సంఖ్య నూరు దాటింది. చీనా భాషలో ‘ఫాంగ్ జి’ అనే మాట గల రెండు వేర్వేరు మూలికలున్నాయి. గుళికలలో ఉండవలసిన దాని స్థానంలో అరిస్టొలోకియా జాతికి చెందిన రెండవది చేరింది. యునానీలో జరావంద్ అని పిలువబడేది కూడా ఈ జాతి మొక్కే. బీరూనీ భయపడిన పొరపాటే తొమ్మిది శతాబ్దాల తరువాత జరిగింది. చీటీపై మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం ఉండాలనడం ఎందుకో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మూడవ అంశం కాలం. క్రీ.శ. 1260లో కైరో నగరంలో యూద ఔషధకారుడు కోహెన్ అల్ అత్తార్ రచించిన మిన్హాజుద్దుక్కాన్‌లో మూలికలను ఎప్పుడు సేకరించాలో, ఏ మందు ఎంతకాలం గుణం నిలుపుకొంటుందో వివరించాడు. తయారైన తేదీ, వాడకపు గడువు అని నేటి చీటీ చెప్పేవి అవే.

భారతదేశానికి వస్తే, 1930లో ఏర్పడిన చోప్రా సంఘం అంగళ్ళలోని మందుల దుస్థితిని విచారించింది. ఆ ఫలితంగా 1940లో ఔషధ చట్టం వచ్చింది. ఆయుర్వేద, యునానీ మందులను మాత్రం ఆ చట్టం విడిచిపెట్టింది. అప్పటికి వాటిలో అధికభాగం వైద్యుని ఇంటనే నూరబడి రోగి చేతికి అందేవి. హకీము ముఖమే చీటీ. కర్మాగారాలు పెరిగి, ఒక ఊరిలో చేసిన మందు వేయి మైళ్ళ దూరాన అమ్ముడుపోసాగాక ఆ ముఖం కనబడకుండా పోయింది. 1964 సవరణతో ఈ రెండు పద్ధతులూ చట్టం క్రిందికి వచ్చాయి. 1945 నాటి నియమావళిలో చేర్చబడిన 161వ నియమం ప్రకారం చీటీపై మందులోని దినుసులన్నీ, ఒక్కొక్కదాని పరిమాణం, తయారీకి ప్రమాణమైన గ్రంథం, తయారుచేసినవాని చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ ఉండాలి. ఆ గ్రంథాల జాబితాలో ఖరాబాదీనె ఆజం, ఖరాబాదీనె ఖాద్రీ, బయాజె కబీర్ ఉన్నాయి. వాడకపు గడువు తరువాతి సవరణలలో చేరింది. నాభి, ముష్టిగింజలు, నల్లమందు, పాషాణం వంటివి కలిసిన మందును వైద్యుని పర్యవేక్షణలోనే పుచ్చుకోవాలన్న హెచ్చరిక తప్పనిసరి.

వంశపారంపర్యంగా వస్తున్న యోగం బయటపడితే తమ జీవనోపాధి పోతుందని కొందరు హకీములు వాదిస్తారు. ఈ బాధ అర్థంచేసుకోదగినదే. తాతముత్తాతలు గుండెలో దాచి కొడుకుకు మాత్రమే అప్పగించిన విద్య అది. కాని దాచుకొనే హక్కు పోటీ వర్తకుని ఎదుట చెల్లుతుందే గాని, ఆ మందును మ్రింగబోయే రోగి ఎదుట చెల్లదు. గర్భిణికి, మూత్రపిండాల రోగికి, మరొక వైద్యుని మందు వాడుతున్నవానికి అందులో ఏముందో తెలియడం ప్రాణానికి సంబంధించిన విషయం. మదీనా అంగడిలో ధాన్యం అడుగున దాగిన తడికి లేని రక్షణ సీసాలోని పాషాణానికి ఎలా లభిస్తుంది?

చట్టంలోనూ రెండు లోపాలున్నాయి. తన రోగుల కోసం తానే మందు తయారుచేసుకొనే హకీముకు, వైద్యునికి లైసెన్సు నిబంధన నుండి మినహాయింపు ఉన్నది. ముఖపరిచయం నిలిచినంతవరకు ఇది న్యాయమే. కాని కాగితపు పొట్లంలో చేతులు మారే పొడి ముఖాన్నీ చూపదు, చీటీనీ చూపదు. ఇక విషద్రవ్యాల హెచ్చరిక ఇంగ్లీషు, హిందీ భాషలలో ఉండాలని నియమం చెబుతున్నది. తెలుగు ఊసు లేదు. పాలమూరులోనో కర్నూలులోనో తెలుగు మాత్రమే చదవగల ముసలమ్మ చేతికి ఆ డబ్బా వెళ్ళినప్పుడు, చట్టం నెరవేరినా బోధ నెరవేరదు. మందు పేరును ఐదు భాషలలో వ్రాసిన బీరూనీ ఈ విషయంలో నేటి నియమం కంటే ముందున్నాడు.

హిస్బా గ్రంథాలు వ్రాసినవారు అమ్మేవాని నాలుకనుండి ఆశించినదే నేడు చీటీనుండి ఆశిస్తున్నాము. అది నిజం చెప్పాలి, వినేవానికి అర్థమయ్యే మాటలో చెప్పాలి. మొదటిదానిని చట్టం పట్టుకొన్నది. రెండవది ఇంకా బాకీ ఉన్నది. దానిని తీర్చడానికి చట్టపు సవరణ కోసం ఎదురుచూడనవసరం లేదు. డబ్బాపై ఆ ఒక్క హెచ్చరిక వాక్యాన్ని తెలుగులో, ఉర్దూలో అచ్చువేయకుండా తయారీదారుని ఏ నియమమూ ఆపడం లేదు.