యంత్రానికొక ఆయుస్సు, సాఫ్ట్‌వేర్‌కొక ఆయుస్సు

2017 మే మొదటి వారంలో గుంటూరు జిల్లా దృష్టి అంతా పతనమైన మిర్చి ధర మీదే ఉంది. క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున కొనుగోలుకు కేంద్రం సమ్మతించిన వార్త ఇంకా పాతబడకముందే, 12వ తేదీ శుక్రవారం, వాన్నాక్రై అనే మాల్వేర్ ప్రపంచమంతటా విజృంభించి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకూ సోకింది. చిత్తూరు, కృష్ణా, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలతో పాటు గుంటూరు పేరు కూడా బాధిత జాబితాలో చేరింది. ఇక్కడ చిక్కుబడింది కార్యాలయ వ్యవహారం. ఇంగ్లండులో అదే మాల్వేర్ 236 ఆరోగ్య ట్రస్టులలో 80 చోట్ల వైద్యానికే అంతరాయం కలిగించింది. రద్దయిన అపాయింట్‌మెంట్లు 19,000 పైచిలుకని అంచనా. రోగనిర్ధారణ పరికరాలే 1,220 దాని బారిన పడ్డాయి.

హెచ్చరిక కొత్తది కాదు. గుండెలో అమర్చిన డీఫిబ్రిలేటర్ పనితీరును రేడియో తరంగాలతో బయటినుంచి మార్చవచ్చునని 2008లోనే అమెరికా పరిశోధకులు ప్రయోగపూర్వకంగా నిరూపించారు. అయితే చరిత్ర దృష్టిలో అసలు అపాయం అంతటి నేర్పరుల వల్ల వచ్చినట్లు కనబడదు. వాన్నాక్రై చొరబడిన దారిని మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. దానిని వేయకపోవడం కార్యాలయంలోనైతే నిస్సందేహంగా అలసత్వమే. స్కానింగ్ గదికి ఆ తీర్పు అంత సులువుగా వర్తించదు. అద్దానికి ఇవతల బల్ల మీదుండే కంప్యూటర్ చూపుకు మామూలుదే. దాని వెనుకనుంచి వెళ్లే కేబులే చిత్రాలను డాక్టరు గదికి చేరుస్తుంది. కానీ ఆ కంప్యూటర్ యంత్రంలో అంతర్భాగం గనుక, తయారీదారు పరీక్షించి అనుమతించనిదే దానిలో ఏ మార్పూ చేయడానికి ఆసుపత్రి సాహసించదు. కోట్లు పోసి కొన్న యంత్రం పది, పదిహేనేళ్లు పనిచేస్తుంది. లోపలి సాఫ్ట్‌వేర్‌కు అంతటి ఆయుర్దాయం ఉండదు. ఉదాహరణకు, విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే రక్షణ ముగిసింది.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడితో స్తంభించి, కొన్నాళ్లపాటు ఓపీ చీట్ల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా చేతిరాతకు మళ్లవలసి వచ్చినప్పుడు ఈ చర్చ మన గడపకు చేరింది. దాడిని గుర్తించిన ఆరు గంటలలో తెలియజేయాలన్న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం అదే ఏడాది ఏప్రిల్‌లో వెలువడింది. అది అవసరమైనదే, కాని జరిగిన తరువాతి మాట. లొసుగులను కనిపెట్టి సరిదిద్దే ప్రణాళికను తయారీదారే ముందుగా సమర్పించాలన్న అమెరికా చట్టం 2022 డిసెంబరులో వచ్చింది. నా దృష్టిలో మూలాన్ని తాకినది అదే.

ఒంగోలు, అద్దంకి వైపు నుంచి రోగిని తీసుకుని గుంటూరు పెద్దాసుపత్రికి వచ్చే కుటుంబం ఆ యంత్రం లోపల ఏముందో అడగలేదు. అడగవలసింది కొనేవారు. టెండరు పత్రంలో యంత్రం వారంటీ పక్కనే, ప్యాచ్‌లు ఏ సంవత్సరం వరకు ఇస్తారో రాయించుకోవచ్చు. 2018 నుంచి విశాఖలోనే వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ ఉంది గనుక, కొందరు తయారీదారులనైనా ఎదుట కూర్చోబెట్టి ఆ మాట అడగడం ఇప్పుడు కష్టం కాదు.