జాఱు చక్రమునకు కట్టడి

రథవర్ణనలు బోధించుచు జీవితము గడపిన నాకు అమెరికా దేశపు పాతకార్లతో పని యేమని మీరడుగవచ్చును. వినుడు.

ఎడ్లబండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము పోవును. ఇరుసుపై రెండును వేఱువేఱుగా తిరుగును గనుక చిక్కు లేదు. ఆ కార్లలో నొక్క యింజనే రెండు వెనుక చక్రములను త్రిప్పును. మలుపులలోని భేదమును డిఫరెన్షియలు సవరించును. కాని యొక చక్రము బురదలో జాఱినచో నదియే వృథాగా తిరుగును, రెండవది కదలదు.

1956లో ప్యాకార్డు కార్లలో దీనికి కట్టడి వచ్చెను. 1964 నాటి పాంటియాక్ జీటీఓ కొనువారు అధికమూల్యమిచ్చి యిట్టిదానిని పొందిరి. స్ప్రింగులు నొక్కిపట్టిన పలకల రాపిడిచే రెండు చక్రములును కొంతవఱకు కలసి తిరుగును. రాపిడి యున్నచోట అఱుగుదల తప్పదు. అఱిగిన పలకలను మార్చవచ్చును. 1969 నుండి క్రైస్లరు వారు పెక్కు కార్లలో వాడిన శంకువుల రకమున, అవి కూర్చుండు గూడు సైతము అఱుగును గనుక బాగుచేయుట కష్టము.

తగిన మందు కలిపిన నూనె పోయనిచో మలుపులలో పలకలు అదరి మ్రోయును. వెనుక చక్రములు సమానములు కానిచో నవి నిరంతరము రాచుకొని త్వరగా నశించును. ఒక హెచ్చరిక: ఒక వెనుక చక్రమును మాత్రమే యెత్తి, గేరు వేసి యింజను నడపరాదు. నేలనున్న చక్రము బండిని ముందునకు ద్రోయును. క్రిందనున్నవాని ప్రాణము పోవచ్చును.

రథమును నిర్మించిన శిల్పికి చరిత్రలో పేరుండును. ఇరుసునకు చమురు పెట్టినవానికి లేదు. ఆ కార్లు నేడును నడచుచున్నవన్న, అది యా పేరులేనివారి చలవయే.