బియ్యం, బాకీ, తీరం: మారిషస్ తెలుగువారి నిత్యజీవితంలో ఖాతా పుస్తకం చరిత్ర

2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వారాంతంలో అమెరికాలో తెలుగువారు ఎక్కువగా ఉన్న ఊళ్ళలోని భారతీయ సరుకుల దుకాణాల ముందు బారులు తీరారు. టెక్సస్‌లో ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి పట్టణాలలో కాపురముంటున్నవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కొన్ని దుకాణాలు ఇంటికి ఒక్క సంచి మాత్రమేనని బోర్డులు పెట్టాయి. సోనా మసూరి దొరకకపోతే ఏం తినాలన్న ప్రశ్న అప్పుడు నిజంగా పుట్టింది, కొద్ది వారాలలోనే వేళాకోళంగా ముగిసిపోయింది. అమెరికాలోనే పండే బియ్యం పక్క అరలో ఉంది. కష్టం రుచికి వచ్చింది గాని కడుపుకు రాలేదు.

అదే నిషేధం హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న దీవికి మరో రకంగా చేరింది. ఆగస్టు చివర భారత ప్రభుత్వం కొన్ని దేశాలకు ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. భూటాన్‌కు 79,000 టన్నులు, సింగపూర్‌కు 50,000 టన్నులు, మారిషస్‌కు 14,000 టన్నులు. అక్కడ బియ్యం రెండు ప్రభుత్వాల మధ్య రాతకోతల వ్యవహారం. ఆ దీవిలో వరి సాగు దాదాపు లేదు. పన్నెండున్నర లక్షల జనం తినే మెతుకు దాదాపు అంతా ఓడ దిగి రావలసిందే. ఆ జనంలో, గోదావరి తీరం నుంచి, ఉత్తర కోస్తా నుంచి సుమారు నూట ఎనభై ఏళ్ళ కిందట వెళ్ళినవారి సంతతి కూడా ఉంది.

మారిషస్ తెలుగువారిని గురించి మన పత్రికలలో వచ్చే వ్యాసాలు సాధారణంగా ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు ఉందనీ, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయనీ చెప్పి సంతోషిస్తాయి. ఆ సంతోషంలో తప్పులేదు. కాని ఒక సమాజం ఎలా బతికిందో తెలియాలంటే పండుగలతో పాటు పద్దులు కూడా చూడాలి. వారికి బియ్యం ఎవరు ఇచ్చారు, ఏ ధరకు ఇచ్చారు, ఆ లెక్క ఎవరు రాశారు అన్న మూడు ప్రశ్నలు పట్టుకొని వెళితే దీవి చరిత్ర చాలావరకు బోధపడుతుంది. ఈ వ్యాసం చేసే ప్రయత్నం అదే.

కోరంగి నుంచి

కాకినాడకు దగ్గరలోని కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. మారిషస్‌లో తెలుగు కూలీలకు కొరింగీలన్న పేరు ఆ రేవు వల్లనే వచ్చింది. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చుకుపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అంతకుముందు గోదావరి డెల్టా పక్కనే నది ఉండీ తిండికి కటకటలాడిన నేల. సరిగ్గా ఆ కాలంలోనే, బ్రిటిషు సామ్రాజ్యం బానిసత్వాన్ని రద్దు చేయగా మారిషస్ చెరకు తోటల యజమానులు కొత్త కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ ముప్పై ఆరుగురు కూలీలతో కలకత్తా నుంచి పోర్ట్ లూయీ చేరింది. తరువాతి ఎనభై ఏళ్ళలో కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులతో పాటు కోరంగి వంటి చిన్న రేవుల నుంచి కూడా జనం వెళ్ళారు. వారు మెట్లెక్కి దీవిలో అడుగుపెట్టిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఓడ దిగినవారి పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు రిజిస్టర్లలోకి ఎక్కేవి. గుమాస్తా తన చెవికి వినిపించిన తీరున ఫ్రెంచి అక్షరక్రమంలో పేరు రాసుకునేవాడు. తాతగారి సొంత పేరే మనవలకు ఇంటిపేరయింది. ఈ చిన్న రాత నూట యాభై ఏళ్ళ తరువాత ఒక చిత్రమైన పనికి వచ్చింది. ఆ సంగతి ముందు చూస్తాం.

తోట రాసిన లెక్క

తొలి ఒప్పందాలలో మగ కూలీకి నెలకు ఐదు రూపాయల జీతం, దానికి తోడు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, ఏడాదికి కొన్ని బట్టలు. కాగితం మీద ఇది భరోసాగానే కనిపిస్తుంది. కరువులో నుంచి వచ్చినవాడికి రోజూ బియ్యం దొరకడం చిన్న మాట కాదు. అయితే ఆ బియ్యం కొలిచేది తోట, జీతం లెక్కకట్టేది తోట, హాజరు వేసేది తోట నియమించిన సర్దారు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. ఆ పద్ధతికి అక్కడ డబుల్ కట్ అని పేరు. జబ్బుపడి నాలుగు రోజులు పడుకున్నవాడు ఎనిమిది రోజుల జీతం పోగొట్టుకునేవాడు. నెలాఖరుకు చేతికి ఎంత రావాలో కూలీకి తెలియదు, అడిగే దారీ లేదు.

ఐదేళ్ళ ఒప్పందం ముగించుకున్నవారిని పాత వలసదారులనేవారు. వారికీ స్వేచ్ఛ పూర్తిగా రాలేదు. 1867 నాటి చట్టం ప్రకారం ప్రతివాడూ ఫొటో అంటించిన టికెట్టు దగ్గర ఉంచుకోవాలి. అది లేకుండా తిరిగితే దేశదిమ్మరి కింద జైలు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడి సాయంతో 9,401 మంది పాత వలసదారులు గవర్నరుకు విన్నపం పెట్టుకున్నారు. దాని ఫలితంగా లండన్ నుంచి రాయల్ కమిషన్ వచ్చి 1875లో నివేదిక ఇచ్చింది. జీతాల కోత, టికెట్ల వేధింపు అధికారికంగా నమోదయ్యాయి. లెక్క తప్పని కూలీలు సంతకాలతో చెప్పిన తొలి సందర్భాలలో అది ఒకటి. అందుకే ఆ విన్నపాన్ని రాజకీయ పత్రంగానే కాక, పద్దును ప్రశ్నించిన పత్రంగా కూడా చదవవచ్చు.

రెండు పుస్తకాల దుకాణం

పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశకాలలో పంచదార ధర పడిపోయి పెద్ద తోటలు అంచులలోని నేలను ముక్కలు చేసి అమ్మసాగాయి. కూడబెట్టుకోగలిగిన భారతీయ కుటుంబాలు కొద్దికొద్దిగా కొనుక్కొని ఊళ్ళు కట్టుకున్నాయి. తోట కొట్టు స్థానంలోకి ఊరి చీనా దుకాణం వచ్చింది. క్రియోల్ భాషలో దానిని లబుతిక్ సినువా అంటారు. చెరకు కోత ఉన్న నెలలలో చేతిలో డబ్బు ఆడుతుంది, మిగతా నెలలలో ఆడదు. ఆ ఎడం పూడ్చింది చీనా దుకాణదారు ఇచ్చిన అరువు. బియ్యం, ఉప్పుచేప, నూనె, కిరసనాయిలు పట్టుకుపోయి చిన్న పుస్తకంలో రాయించుకునేవారు. ఆ పుస్తకం పేరు కార్నె. కోతల కాలంలో బాకీ తీర్చేవారు.

వడ్డీలు, ధరలు ఎలా ఉన్నా ఈ ఏర్పాటులో ఒక కొత్తదనం ఉంది. పుస్తకం కొనుగోలుదారు ఇంట్లో కూడా ఉంటుంది. రెండు పద్దులు సరిచూసుకోవచ్చు, కాదనవచ్చు, పక్క ఊరి దుకాణానికి పోతానని బెదిరించవచ్చు. 1913లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చాక చిన్న రైతులు అప్పు కోసం సర్దారు మీదా దళారి మీదా ఆధారపడడం కొంత తగ్గింది. సింహాద్రి అప్పన్న కొలువు, అమ్మోరు పండుగ, దీపం చుట్టూ తిరిగే రామభజనం నిలదొక్కుకున్నది ఈ ఊళ్ళలోనే. పండుగకు కావలసిన సరుకు కూడా కార్నెలో రాయించినదే అయి ఉంటుంది.

ఓడ రాని ఏడాది

ఆ ఊళ్ళు తినే బియ్యంలో పెద్ద భాగం బర్మా నుంచి వచ్చేది. 1942లో బర్మా జపాను చేతిలో పడగానే ఆ దారి మూసుకుపోయింది. దీవి జనం గోధుమపిండికీ, మొక్కజొన్నకూ, కర్రపెండలానికీ మళ్ళారు. ధరలు పెరిగాయి, కూలి పెరగలేదు. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హరెల్ తోటలో కూలి పెంచమని సమ్మె చేస్తున్నవారి మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన నలుగురిలో నిండు చూలాలు అంజలై కూపెన్ ఒకరు. ఆమె పేరుతో నేడు అక్కడ ఒక క్రీడాప్రాంగణం ఉంది. కూలి అడిగితే తుపాకీ జవాబిచ్చిన ఆ రోజు దీవి ప్రజాజీవితంలో చెరగని గుర్తుగా మిగిలింది.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఎగుమతులలో నూటికి తొంభై పాళ్ళకు పైగా పంచదారే. ఈ దీవికి భవిష్యత్తు చీకటేనని ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ అంతకుముందే హెచ్చరించి ఉన్నాడు. 1979లో ముప్పై శాతం, 1981లో ఇరవై శాతం రూపాయి విలువ తగ్గించవలసి వచ్చింది. 1982లో ఏర్పడిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ బియ్యం, గోధుమపిండి, వంటగ్యాసు, పెట్రోలు దిగుమతిని చేపట్టింది. అది రాయితీ మీద అమ్మించే బియ్యాన్ని ఇప్పటికీ దిరి రాసియోఁ, అంటే కోటా బియ్యం, అంటారు. తోట కొలిచిన బియ్యం, దుకాణం రాసిన బియ్యం కాస్తా సర్కారు బియ్యం అయింది. ఇప్పుడు ధర నచ్చకపోతే ప్రశ్నించడానికి ఓటు ఉంది.

అతిథికి ఒక ధర, ఇంటికి ఒక ధర

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది మారిషస్‌కు వచ్చిన పర్యాటకులు సుమారు 15 వేలు. 2019లో 13.8 లక్షలు. అంటే దీవి జనాభాను మించి. మీడ్ జోస్యం తప్పింది. ఐరోపా సమాజం మంచి ధరకు పంచదార కొన్న ఏర్పాటు 2009లో ముగిసిపోయినా దేశం కూలిపోలేదు. కూలీల మనవలు హోటళ్ళలో, టాక్సీలలో, బ్యాంకులలో, ప్రభుత్వ కొలువులలో కుదిరారు.

కాని పర్యాటకం మీద బతికే దీవిలో ధరకు రెండు ముఖాలు ఉంటాయి. హోటలుకు ఆదాయం యూరోలలో వస్తుంది. ఉద్యోగికి జీతం రూపాయలలో అందుతుంది. అతడు వండుకునే బియ్యానికి, పప్పుకు, పాలపొడికి దేశం డాలర్లలో చెల్లిస్తుంది. రూపాయి పడితే హోటలుకు లాభం, వంటింటికి నష్టం. 2020 జనవరిలో డాలరుకు 37 రూపాయల లోపు ఉన్న మారకం 2022లో 43 దాటింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఇంధనం, వంటగ్యాసు ధరల మీద జనం వీధులకెక్కారు. ఇంటికి డాలర్లు పంపేటప్పుడు భారత రూపాయి పడిందని లోలోపల సంతోషించే మనకు ఈ లెక్క తలకిందులుగా పరిచయమే. పంపేవాడి లాభం, అక్కడే సంపాదించి అక్కడే కొనుక్కునేవాడి నష్టం ఒకే నాణేనికి రెండు వైపులు.

తీరం సంగతీ అటువంటిదే. సముద్రం అంచున 81.21 మీటర్ల వెడల్పున్న నేల ప్రభుత్వానిది. ఫ్రెంచివారి కాలం నుంచి దానికి పా జియోమెత్రిక్ అని పేరు. ఇసుక మీద నడిచే హక్కు అందరికీ ఉంది. ఆ ఇసుకను చేరే దారి మాత్రం చాలాచోట్ల లీజు తీసుకున్న హోటలు గోడ పక్కనుంచి పోతుంది. దక్షిణాన పొంపొనెత్ తీరంలో హోటలు కట్టబోతే, మా తీరాలు దొంగిలించకండన్న నినాదంతో పౌరులు ఎదురుతిరిగారు. సెలవునాడు వ్యాను కట్టించుకొని వంటపాత్రలతో సముద్రతీరానికి పోవడం అక్కడి సామాన్య కుటుంబాలకు ఉన్న చవకైన విహారం. దాని కోసమే ఆ తగాదా.

పేరులోని మొదటి అక్షరం

2020 మార్చిలో సరిహద్దులు మూతపడ్డాయి. ఆ ఏడాది పర్యాటకులు 3.09 లక్షలకు పడిపోయారు. మార్చి 24 నుంచి దుకాణాలు కూడా మూసేశారు. ఏప్రిల్ 2న మళ్ళీ తెరిచినప్పుడు ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి వంతులు పెట్టారు. ఏ నుంచి ఎఫ్ వరకు సోమ, గురువారాలు, జి నుంచి ఎన్ వరకు మంగళ, శుక్రవారాలు, ఓ నుంచి జెడ్ వరకు బుధ, శనివారాలు. అప్పన్న పేరు ఇంటిపేరైనవారు సోమవారం, వీరయ్య పేరు ఇంటిపేరైనవారు బుధవారం బియ్యం కొనుక్కోవాలి. ఒకనాడు వలస గుమాస్తా రాసుకున్న అక్షరం మనవడి మనవడి బజారు రోజును నిర్ణయించింది. రిజిస్టరు తయారుచేసినవారు ఊహించని ఉపయోగమిది.

అదే ఏడాది జూలై 25న వకాషియో అనే జపానీ ఓడ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బ మీద ఎక్కింది. ఆగస్టు 6 నుంచి సుమారు వెయ్యి టన్నుల చమురు సముద్రంలో కలిసింది. ప్రభుత్వం కదిలేలోగా మహేబూర్ పరిసరాల జనం ఎండిన చెరకు ఆకును గుడ్డ సంచులలో కూరి, కుట్టి, పొడుగాటి తెట్టులు చేసి నీళ్ళ మీద పరిచారు. ఆగస్టు 29న పోర్ట్ లూయీలో వేలాది మంది ప్రదర్శన చేశారు. ముత్తాతల వీపు వంచిన చెరకు ఆకుతోనే మునిమనవలు తమకు అన్నం పెట్టే సముద్రాన్ని కాపాడుకోజూశారు. ఆ పనికి వారు ఎవరి అనుమతికీ ఆగలేదు.

ఆ మహేబూర్‌లో పుట్టిన ఫ్రెంచి నవలాకారిణి నతాషా అప్పన్న 1872లో ఆంధ్రదేశం నుంచి వెళ్ళిన ఒక కుటుంబానికి వారసురాలు. ఆమె తొలి నవల ఒప్పంద కూలీల కథే. ఆ సంతతి చేతికి కలం వచ్చింది, అయితే అది రాసేది ఫ్రెంచిలో. ఇళ్ళలో వినిపించేది క్రియోల్. తెలుగు భజనలోనూ బడిలోనూ మిగిలింది. మారిషస్ కరెన్సీ నోట్ల మీద ఇంగ్లీషు తరువాత తమిళం, హిందీ ఉంటాయి. 1998లో హిందీని తమిళానికి ముందు వేస్తే తమిళులు పట్టుబట్టి ఆ నోట్లను వెనక్కు తీయించారు. ఆ నోటు మీద తెలుగు అక్షరం లేదు.

ప్లేనోలో తెలుగువాడికి దుకాణంలో సంచి దొరకకపోతే మరో దుకాణం ఉంది, మరో బియ్యం ఉంది. దీవిలో ఆ వెసులుబాటు ఎప్పుడూ లేదు. అందువల్ల అక్కడి తెలుగువారు, వారి పొరుగున తమిళులు, భోజపురీలు, క్రియోళ్ళు, నూట ఎనభై ఏళ్ళుగా నేర్చుకున్నది సరుకును ఎంచుకునే విద్య కాదు, లెక్క అడిగే విద్య. తోటను విన్నపంతో అడిగారు, దుకాణాన్ని రెండో పుస్తకంతో అడిగారు, సర్కారును ఓటుతోనూ వీధిలోనూ అడిగారు. కొత్త దేశాలలో స్థిరపడుతున్న మనం వారి నుంచి భాష నిలుపుకునే కిటుకులు నేర్చుకోవాలని చూస్తాం. పద్దు చదివే అలవాటు కూడా వారి వారసత్వంలో భాగమే.