కాఫీ గింజ లేని కాఫీ

1806లో నెపోలియన్ బ్రిటిష్ వర్తకమును అడ్డగించుటతో ఐరోపాలో కాఫీ గింజలు కరవైనవి. ప్రజలు చికోరీ వేరును వేయించి, పొడిచేసి త్రాగసాగిరి. ఆ వేరులోని ఇన్యులిన్ వేడికి విచ్ఛిన్నమై కాఫీవంటి రంగును, చేదును ఇచ్చును. కాని నిద్రను తరుము గుణము మాత్రము రాలేదు. కారణము 1819లో తేలినది. జర్మన్ రసాయనవేత్త రుంగే కాఫీ గింజనుండి కెఫీన్‌ను వేరుచేసెను. చికోరీలో అది లేదు.

దేవరగట్టు ఉన్న ఆలూరు ప్రాంతము, పొరుగున ఆదోని, 1953లో బళ్లారి జిల్లానుండి కర్నూలు జిల్లాలో చేరినవి. కర్నూలు నల్లరేగడి పంటలలో ధనియాలు ఒకటి. తెలుగు ఇండ్లలో ధనియాలను దోరగా వేయించి, శొంఠితో కలిపి పొడికొట్టి, నీటిలో మరిగించి వడకట్టి కాఫీగా త్రాగుదురు. ధనియాల పరిమళము లినలూల్ అను తైలాంశమువలన కలుగును. అది ఆవిరియగు స్వభావము కలది. కనుక గింజలను మాడ్చరాదు. అల్లము ఎండునపుడు అందలి జింజెరాల్ కొంత షోగాల్‌గా మారును. షోగాల్ మరింత ఘాటైనది. శొంఠి కారమునకు ఇదియే కారణము. పాలలో బెల్లము వేసి మరిగించిన విరుగవచ్చును. కావున పొయ్యినుండి దింపిన పిదపనే కలుపవలెను.

ఐరోపాలో చికోరీ లేమివలన వచ్చినది. ఇచ్చట ధనియాలు ఇంటి డబ్బాలోనివే. ఈ పానీయములో కెఫీన్ లేదు. కనుక రాత్రి చదువుకొను విద్యార్థి దీనిని త్రాగిన వెచ్చదనము కలుగును గాని, కెఫీన్‌వలన నిద్ర చెడదు.