హద్దురాయి చెప్పిన చరిత్ర



ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగిన మన సుగాలీ పూర్వికులకు కొండ, వాగు, గుడి దారి గుర్తులు. అలాంటి గుర్తులు చెరిగిపోతే ఏమవుతుందో మన పాత అనంతపురం జిల్లా చరిత్రే చెబుతుంది.

కదిరికి వాయవ్యంగా, కర్ణాటక అంచున, డి.హీరేహాళ్ మండలంలో ఓబుళాపురం ఉంది. అక్కడి కొండలు బళ్ళారి రిజర్వు ఫారెస్టులోవి. చైనాలో గిరాకీ పెరిగి ఇనుప ఖనిజం ధర ఎగబాకిన రోజుల్లో తవ్వకాలు లీజు హద్దు దాటి అడవిలోకి వెళ్లాయి. రాష్ట్రాల మధ్య హద్దు గుర్తులు చెరిగిపోయాయి. సరిహద్దులోని పాత సుగ్గులమ్మ గుడి 2006లో పేలుళ్లకు నేలమట్టమైంది.

1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం రిజర్వు ఫారెస్టులో తవ్వాలంటే కేంద్రం అనుమతి కావాలి. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ హద్దులు పరిశీలించాక, 2009 నవంబరులో ఓబుళాపురం తవ్వకాలు ఆగాయి. సమాజ పరివర్తన సముదాయ వేసిన కేసులో 2011 జులై 29న బళ్ళారి జిల్లా గనులూ ఆగాయి. హద్దు మీరి ఎక్కువగా తవ్విన లీజులు 2013లో రద్దయ్యాయి. 2025 మే 6న హైదరాబాదు సిబిఐ ప్రత్యేక కోర్టు ఓబుళాపురం కేసులో గాలి జనార్దనరెడ్డి తదితరులకు ఏడేళ్ల జైలు వేసింది. వారు అప్పీలుకు వెళ్లగా హైకోర్టు ఆ శిక్షను నిలిపి ఉంచింది.

గనులు ఆగినప్పుడు కూలీలకు, లారీ డ్రైవర్లకు కూడా పని పోయింది. తప్పు ఒకరిది, పస్తు ఇంకొకరిది. అందుకే తప్పును మొదట్లోనే ఆపాలని మేము హాస్టల్ పిల్లలకు చెబుతుంటాం.

గిరిజన భూముల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవన్న 1997 నాటి సమతా తీర్పు గురించి మీరు వినే ఉంటారు. అది షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తిస్తుంది. మన కదిరి ఆ జాబితాలో లేదు. అయితే 2006 అటవీ హక్కుల చట్టం దేశమంతటికీ ఉంది. అటవీ హక్కుదారులున్న చోట అడవిని, వన్యప్రాణులను కాపాడే అధికారం దాని ఐదో సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది.

ఈసారి సెలవులకు తండాకు వెళ్లినప్పుడు అవ్వాతాతలను అడగండి: అడవి ఎక్కడ మొదలవుతుంది, హద్దురాయి ఎక్కడుంది? వారు చెప్పింది రాసుకోండి. సచివాలయంలో గ్రామ పటం అడిగి పోల్చి చూడండి. హద్దు తెలిసినవాడే, ఎవరైనా దాన్ని దాటిన రోజు నోరు విప్పగలడు.