ఊట ఆయ్తా?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయింది. మర్నాడు పొద్దున్నించీ మా చుట్టాల ఫోన్లే ఫోన్లు. ఎక్కడో హోస్పేట పక్కనున్న డ్యాము గురించి పశ్చిమ గోదావరి వాళ్ళకి అంత బెంగెందుకో తెలియాలంటే 1968కి వెళ్ళాలి.

అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. డెల్టాలో ఉన్న ఎకరన్నరా అమ్మేసి, గుంటూరులో మీటరు గేజి బండెక్కి, గుంతకల్లు మీదుగా హోస్పేటలో దిగాం. అక్కణ్ణించి బస్సులో గంగావతి దాటి సింధనూరు వైపు. ఇల్లంటే తాటాకు పాక. చుట్టూ నల్లరేగడి, తుమ్మచెట్లు. కొబ్బరిచెట్టు ఒక్కటీ కనపడక నాయనమ్మ ఏడ్చింది.

దిగిన రోజు సాయంత్రం మాకు పొలం అమ్మిన రైతు పలకరించడానికి వచ్చాడు. "ఊట ఆయ్తా?" అన్నాడు. నాయనమ్మ బావి సంగతి అడుగుతున్నాడనుకుంది. "ఊటా లేదు, బావీ లేదు బాబూ, కాలవ నీళ్ళే తాగుతున్నాం" అంది. కన్నడంలో ఊట అంటే భోజనం అని నాకు బళ్ళో చేరాక తెలిసింది. తిన్నారా అని అడిగాడాయన.

తుంగభద్ర డ్యాముకి 1945లో పునాది వేశారు. కుడి గట్టు మద్రాసు ప్రభుత్వానిది, ఎడమ గట్టు నిజాముది. 1953లో కాలవలకి నీళ్ళొదిలారు. ఎడమ కాలవ పారే రాయచూరు జిల్లా అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంతకు ముందే నిజాంసాగర్ కింద స్థిరపడ్డ కోస్తా రైతులు కొందరున్నారు. ఆ దారే ఇటూ మళ్ళింది. వచ్చినవాళ్ళు పొలాల మధ్య వేసుకున్న పాకల్ని క్యాంపులన్నారు. పాకలు పోయి మేడలు లేచాయి కానీ, ఊరిపేర్ల చివర ఆ క్యాంపు అన్న మాట ఇప్పటికీ పోలేదు.

కాలవ గీసిన ఇంజనీర్ల లెక్క వేరు. కరువు ప్రాంతం కాబట్టి కొద్దికొద్దిగానైనా వీలైనంత ఎక్కువ భూమికి నీరందాలి. అందుకని ఆయకట్టులో ఎక్కువ భాగం జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలకి కేటాయించారు. వరికిచ్చింది కొంచెమే. నేల తేమ మీద జొన్న పండించుకునే స్థానిక రైతుకి కాలవ సేద్యం కొత్త. చేలు చదును చేసి మళ్ళు కట్టడానికి డబ్బూ లేదు. మావాళ్ళకి తెలిసిందల్లా దమ్ము, ఊడ్పు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ అయిదారు ఎకరాలు వస్తాయని ఆశపడి వచ్చినవాళ్ళు వరి కాక ఇంకేం వేస్తారు? గంగావతి, సింధనూరు బియ్యానికి పేరొచ్చింది. మిల్లులొచ్చాయి. ఎగువన అంత వరి వేసేసరికి దిగువన మాన్వి, రాయచూరు వైపు నీళ్ళు చాలకుండా పోయాయి. ఎగువన కూడా నీళ్ళు ఎక్కువై కొన్ని నల్లరేగళ్ళు చవుడెక్కాయి.

ఇదంతా పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. కానీ కాలవ చివర ఏం జరుగుతుందో నేను పదేళ్ళకే మా గుమ్మంలో చూశాను.

అప్పటికి ఇంట్లో కన్నడం సరిగ్గా వచ్చింది నాకొక్కడికే. లిపి మన తెలుగుకి దగ్గరగా ఉండబట్టి అక్షరాలు తొందరగా పట్టుబడ్డాయి. సంతలో బేరానికీ, కరణం దగ్గరకీ, కూలీల్ని పిలవడానికీ నాన్న నన్ను వెంటేసుకెళ్ళేవాడు. ఒక దాళ్వాలో ఆ రైతే మళ్ళీ వచ్చాడు. మాకు అమ్మగా మిగిలిన రెండెకరాలు మా తూముకి దిగువన ఉన్నాయి. జొన్న ఎండిపోతోంది, ఒక్క రాత్రి నీళ్ళొదలమన్నాడు. నేను నాన్నకి తెలుగులో చెప్పాను.

"తూము లస్కరు చేతిలో ఉంది, నా చేతిలో ఏముందని చెప్పరా" అన్నాడు నాన్న.

లస్కరుకి ముందురోజే బస్తా ధాన్యం మోసుకెళ్ళి ఇచ్చింది మా పాలేరు. వాడి వెనకాలే లాంతరు పట్టుకుని నడిచింది నేను. అయినా నాన్న మాటని కన్నడంలో ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. ఆయన నాన్న వంక చూడలేదు. నా వంకే చూశాడు. ఆయన కొడుకు బళ్ళో నా పక్కనే కూర్చునేవాడు. మర్నాడు వాడు పలక తీసుకుని వెనక వరసకి వెళ్ళిపోయాడు.

మావాళ్ళు చెప్పుకునే కథలో మేం తుమ్మలు కొట్టి, పాముల మధ్య పడుకుని, బీడుని మాగాణి చేశాం. అందులో అబద్ధం లేదు. నాన్న చేతుల మీది కాయలు నాకింకా గుర్తున్నాయి. కానీ ఆ కథ మా తూము దగ్గరే ఆగిపోతుంది. వలస చరిత్ర రాసేవాళ్ళు ఎవరెక్కణ్ణించి వచ్చారో అడిగి రాసుకుంటారు. వాళ్ళ పొలం దాటాక నీళ్ళు ఎంతదూరం వెళ్ళాయో కూడా అడగాలి.

గేటు పోయిన రోజు ఫోను చేసిన ప్రతివాళ్ళూ "మన క్యాంపుకి నీళ్ళందుతాయా?" అనే అడిగారు. అందుతాయన్నాను. మేం కాలవకి ఎగువనున్నాం కదా.